గంగామణి చెయ్యి

పొద్దున ఆరున్నర కల్లా గంగామణి వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముందురోజు తడిపి గోనెసంచిలో చుట్టిన తునికాకు మెత్తబడి ఉంది. అత్త భూదవ్వ గోడకు ఆనుకుని, రేకు ముక్కను ఆకు మీద ఆనించి, దాని అంచు వెంబడి కత్తెర నడిపిస్తోంది. గంగామణి ఒక్కో ఆకులో చిటికెడు తంబాకు పోసి చుడుతోంది. గడప మీద కూర్చున్న కూతురు తార ఆ బీడీల మూతులు గోటితో మడిచి బుట్టలో వేస్తోంది. తార పక్కన పీట మీద ఒక పాత ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. మడత విరిగింది గనుక తెర వెనక్కి పడకుండా ఇటుక ఆనించింది.

"ఒక చెయ్యి ఈడ, ఒక కన్ను ఆడ. ఆ డబ్బ మూసి పని జేస్తే ఏం బోతది నీకు?" అంది గంగామణి.

"మూతులు ఆగుతలేవు గదమ్మ."

"కండ్లు ఆగుతయ్."

"పోనీ తియ్యే," అంది భూదవ్వ. "నువ్వు రేడియో పెట్టుకొని చుట్టలేదా నీ కాలంల?"

"రేడియో చెవులతోని వింటం అత్త. అది మనల్ని ఎటూ గుంజకపోదు."

తార, అమ్మ ముందు ఇరవై ఐదు బీడీలు పూర్తయినప్పుడల్లా ఎడమచేతి వేలితో ల్యాప్‌టాప్ మీద ఒక మీట నొక్కుతోంది. అమ్మ దాన్ని ఆట అనుకుంటోంది. అది ఆట కాదు.

తారకు పదిహేడేళ్లు. ఎల్లారెడ్డిలో ఇంటర్ రెండో సంవత్సరం. నోట్లోంచి మాట రావడం కష్టం. క్లాసులో పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది గానీ, సార్ తల ఎత్తి చూస్తేనే హాజరు పడుతుంది. తరగతిలో ఆమెతో మాట్లాడేది షిరీన్ ఒక్కతే. షిరీన్ అన్న జుబేర్‌కు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. రిపేరుకు వచ్చిన వస్తువులు ఎవరివో, ఎప్పుడు ఇవ్వాలో గుర్తుచేసే చిన్న ప్రోగ్రాం ఒకటి తార రాసిచ్చింది. అందుకు జుబేర్ ఆ పాత ల్యాప్‌టాప్ ఇచ్చి, ఇంటర్ అయ్యేదాకా వాడుకోమన్నాడు.

అందులోనే ఆ ఆట ఉంది. ఎవరూ లేని ఒక గ్రహం మీద ఒంటరిగా దిగి, ఇనుము తవ్వి, కరిగించి, బెల్టుల మీద పంపి, ఫ్యాక్టరీ కట్టుకుంటూ పోవాలి. ఎవరితోనూ మాట్లాడే పని లేదు. ఎక్కడో ఒక యంత్రం నెమ్మదిస్తే దాని ముందు సరుకు పేరుకుపోతుంది. దాని తర్వాతి యంత్రాలు ఖాళీగా నిలబడతాయి. ఆ ఆగిన చోటును వెతికి సరిచేస్తే అంతా మళ్లీ కదులుతుంది. ఆ కదలిక చూస్తే తారకు గుండెల్లో ఏదో చల్లగా ఉండేది.

వినాయక చవితి అయిపోయిన వారానికి, తమ వాకిలి కూడా ఆమెకు అట్లాగే కనిపించింది. అవ్వ కత్తిరించిన ఆకు అమ్మ పక్కన కుప్ప పడుతోంది. తన చేతులు మూతుల కోసం ఎదురుచూస్తున్నాయి. పని ఆగుతున్నది మధ్యలో, అమ్మ దగ్గర. ఆ సాయంత్రమే తార పైథాన్‌లో ఒక ప్రోగ్రాం రాసుకుంది. మీట నొక్కితే కట్ట ఒకటి, సమయం ఒకటి. మొదటి వారం అమ్మ గంటకు నాలుగు కట్టలు చుట్టింది. తర్వాతి వారం మూడున్నర. ఆ పై వారం మూడు.

ఎందుకో తారకు తెలుసు. ఎవరూ చూడనప్పుడు అమ్మ కుడి మణికట్టును తడిగుడ్డతో చుట్టుకుంటోంది. ఒకసారి అడిగింది. "ఏం లే, మడత వడ్డది," అంది గంగామణి. రెండోసారి అడగడానికి తారకు నోరు రాలేదు. దానికి బదులు ఆటలో చేసే పని చేసింది. నెమ్మదించిన యంత్రం పక్కన ఇంకొకటి పెట్టింది.

గంగామణి రోజూ తెల్లవారుజామున అయిదింటికి బర్రె పాలు పిండి, పాలకేంద్రంలో పోసి, అక్కడి ఆడవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి వస్తుంది. ఆ గంటలో తార బీడీలు చుట్టేది. భూదవ్వ ఆకు కత్తిరించి ఇచ్చేది. చుట్టినవాటి మూతులు తొందరలో గోటితో మడవకుండా ఖాళీ పెన్ను కొసతో నొక్కి, బుట్టలో తడిగుడ్డ కింద అమ్మ బీడీలతో కలిపేసేది. కట్టలు కట్టేది భూదవ్వే కాబట్టి సంగతి బయటపడలేదు. అయిదు వారాలు అట్లా గడిచాయి. తక్కువ పడాల్సిన లెక్క తక్కువ పడలేదు. తన చెయ్యి ఇంకా బాగానే నడుస్తోందని గంగామణి అనుకుంది.

"ఓ ఒదినె, ఇయ్యాల కార్ఖానకు పోతున్నవా?" పక్కింటి రమ్య నీళ్ల బిందెతో ఆగింది.

"బేస్తారం గద, పోవాలె."

"పైలం. ఈపారి బీడీలు సరిజూసే దేవన్న ఒక్కొక్క కట్ట ఇప్పి జూస్తున్నడట. పక్కూర్ల ఇద్దరి బీడీ కార్డులు ఆపిండ్రు."

"ఎందుకట?"

"కార్డు ఒకరిది, చెయ్యి ఇంకొకరిదట. కిరాయికి ఇచ్చుకున్నరు. పైకెల్లి ఆర్డర్ వచ్చిందట, చెయ్యి మారితే కార్డు బందే అని."

గంగామణి నవ్వింది. "నాకేం భయం పిల్లా. పందొమ్మిదేండ్ల సంది నా చెయ్యి దేవన్నకు ఎరుకే. కండ్లు మూసుకొని తడిమినా గిది గంగామణిది అంటడు."

తార చేతిలో మూతి సరిగ్గా మడతపడలేదు. ఆకు చీలింది. గోడ దగ్గర కత్తెర కూడా ఆగింది. తార అవ్వ వైపు చూసింది. అవ్వ ఆకు వైపు చూసింది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. బుట్టలోవి అన్నీ నీవి కావమ్మా అని ఒక్క మాట. ఆ కార్డు మీదే అమ్మకు పి.ఎఫ్. జమవుతోంది. రేపు పింఛను వచ్చేదీ దాని మీదే. అమ్మ పేరుతో ఉన్నది ఇంట్లో అదొక్కటే. తార గొంతు సవరించుకుంది.

"అమ్మా..."

"బస్సు టైం అయితుంది, ఇంక తల దువ్వుకోలే. లేవు."

తార లేచింది. ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది. ఎనిమిదింటికి కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే బస్సు రోడ్డు మలుపులో హారన్ కొట్టింది.

ఆ రోజంతా తారకు పాఠం ఒక్కటీ తలకెక్కలేదు. దేవన్న వేళ్లు కట్ట విప్పుతున్నట్టే కనిపించాయి. డబ్బా తెరిచినా అన్నం ముట్టలేదు.

"ఏమైంది? గేమ్‌ల మల్ల ఫ్యాక్టరీ ఆగిందా?" అంది షిరీన్.

"మా ఇంట్ల ఆగింది."

"ఏంది?"

"ఏం లేదు," అంది తార, అమ్మ అన్నట్టే.

సాయంత్రం బస్సు మెల్లగా నడిచింది. సగం రోడ్డు మీద మక్కలు ఆరబోసి ఉన్నాయి. డ్రైవర్ పక్కకు తీసినప్పుడల్లా, ఇంకా కొంచెం ఆలస్యమైతే బాగుండనుకుంది తార. లింగంపేట దాటి తమ ఊరి మలుపులో దిగి ఇంటికి వచ్చేసరికి, గంగామణి వాకిట్లో ఉత్త చేతులతో కూర్చుని ఉంది. పక్కన ఖాళీ సంచి. కొత్త ఆకు లేదు, తంబాకు లేదు. అమ్మ చేతులు ఖాళీగా ఉండడం తార ఎప్పుడూ చూడలేదు.

"ఇట్ల రా," అంది గంగామణి. అరచేయి తెరిచింది. అందులో ఒక బీడీ. "ఇది ఎవ్వరు చుట్టిండ్రు?"

తార ఆ బీడీ మూతి వైపు చూసింది.

"దేవన్న నా కట్టలు ఇప్పి బల్ల మీద వోసిండు. వేలుతోని రెండు కుప్పలు జేసిండు. ఇవి నీయి చెల్లె, ఇవి నీయి గావు అన్నడు. అంత మంది ఆడోల్ల ముంగట. నేనేమన్న ఎరుకనా? నా బిడ్డ మీద ఒట్టు అన్నా, అన్ని చుట్టింది నా చెయ్యే అన్న." ఆమె ఆ బీడీని పిడికిట్లో మూసింది. "నీ మీద ఒట్టేసిన తారా. దొంగ ఒట్టు."

"నేనే అమ్మ. పొద్దుగాల, నువ్వు పాలకు పోయినప్పుడు..."

"ఎందుకు?"

మాట రాని చోట చూపించడమే తారకు తెలుసు. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, తెరిచి, అమ్మ ముందు పెట్టింది. తేదీలు, గంటలు, అంకెలు వరసగా ఉన్నాయి. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉంది. అది అక్కడ ఉందన్న సంగతి తారకు అప్పుడు గుర్తు రాలేదు.

గంగామణి అయిదో తరగతి దాకా చదువుకుంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "ఆగుతున్న... చోటు... అమ్మ."

"నా ఎనుక గూసొని నన్ను లెక్కవెట్టినవా?" అంది గంగామణి మెల్లగా. "పందొమ్మిదేండ్లల్ల సేటు గూడ నన్ను గిట్ల లెక్కవెట్టలే. గంటకెన్ని చుడుతవే అని ఎవ్వడు అడగలే. నా కడుపుల పుట్టినదానివి, గడప మీద గూసొని మీట నొక్కినవా?"

"గట్ల కాదమ్మ..."

"మరెట్ల? నేనేమన్న నీ ఆటల మిషిన్‌నా? మెల్లగైందని పక్కకు పెట్టి, ఇంకోటి పెట్టుకున్నవా?"

"నన్ను గూడ తిట్టు," అంది భూదవ్వ లోపలి నుంచి వస్తూ. "ఆకు కత్తిరిచ్చిచ్చింది నేనే. కట్టలు కట్టింది నేనే."

"నువ్వొకదానివి అత్త. ముసల్దానివైనా దానికి జోడైనవు."

"చెయ్యి సూపియ్యమ్మ," అంది తార. అనాలనుకున్నవాటిలో అదొక్కటే బయటికి వచ్చింది. "ఒక్కసారి సూపియ్యి."

గంగామణి కుడిచేతిని కొంగులోకి లాక్కుంది. "నా చెయ్యికి ఏం కాలే. కార్డు దేవన్న తన కాడనే వెట్టుకున్నడు, సోమారం రమ్మన్నడు. అందరి ముంగట ఒక కట్ట చుట్టి సూపియ్యాలె. సూపిస్త. ఆడికెల్లి నువ్వు నేను ఎల్లారెడ్డి పోతం. ఈ డబ్బ జుబేర్‌కు ఇచ్చేసి వస్తం. కామారెడ్డి కాలేజి, కంప్యూటర్ల డిగ్రీ, ఆ ముచ్చట మల్ల నా ముంగట ఎత్తకు."

తర్వాతి రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. గంగామణి ఖాళీ చేటను గోడకు బోర్లించింది. తార ఆట తెరవలేదు. తెరిస్తే ఆ బెల్టుల మీద అమ్మ ముఖమే కనిపిస్తుందని భయం. అమ్మ సోమవారం చుట్టలేకపోతే కార్డు పోతుంది. చుట్టగలిగితే ఆ చెయ్యి ఇంకా పాడవుతుంది. ఏ వైపు నుంచి చూసినా లెక్క తేలలేదు.

ఆదివారం తండ్రి భూమేశ్ వచ్చాడు. అతను కామారెడ్డిలో ఒక రైస్‌మిల్లులో మిషన్ల మీద పని చేస్తాడు. వారానికి ఒకరోజే ఇంటికి వస్తాడు. భార్య చెప్పింది విన్నాడు, తల్లి చెప్పింది విన్నాడు. తర్వాత బర్రెకు నీళ్లు పెడుతున్న తార దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తిట్టవా బాపు?" అంది తార.

"మీ అమ్మ నా వంతు గూడ తిట్టింది గద." అతను బొక్కెన అందుకున్నాడు. "ఒక్కటి చెప్పు. మా మిల్లుల వడ్లు పైకి ఎక్కించే ఎలివేటర్ ఉంటది. అది తిరగలేక తిరుగుతుంటే ఏం జెయ్యాలె?"

"పక్కన ఇంకోటి పెట్టాలె."

"అది పైసలున్నోని ముచ్చట. మేము ముందుగాల కరెంటు బందు జేస్తం. ఎవ్వడు మొత్తుకున్నా సరే. ఆగినంక ఇప్పి జూస్తం. నువ్వేం జేసినవు? నడుస్తున్నదానికి పక్కకెల్లి వడ్లు పోస్కుంట పోయినవు. అది తిరుగుతనే ఉన్నది, లోపట అరుగుతనే ఉన్నది. మీ అమ్మకు గూడ తెలుస్తలేదు ఎంత అరిగిందో."

అయిదు వారాలు అమ్మకు సాయం చేస్తున్నానే అనుకుంది తార. అమ్మ నొప్పిని అమ్మకే కనబడకుండా దాస్తున్నానని అనుకోలేదు.

"ఇప్పుడు ఏం జెయ్యాలె బాపు?"

"నాకేం ఎరుక బిడ్డ. నేను రేపు ఆరింటికి మిల్లుల ఉండాలె. కార్ఖానల నువ్వే ఉంటవు."

సోమవారం పదింటికి లింగంపేట కార్ఖానాలో ఆడవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. పొడుగాటి గది, ఒక తక్కెడ, ఒక బల్ల. బల్ల వెనక దేవన్న, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో. అతను ఆ చుట్టుపక్కల ఊళ్ల బీడీలు సరిచూసే మనిషి. తార ల్యాప్‌టాప్ సంచిని గుండెకు హత్తుకుని గోడ పక్కన నిలబడింది.

"కూసో చెల్లె," అన్నాడు దేవన్న. "నాకు గూడ మంచిగనిపిస్తలే. ఒక కట్ట చుట్టు, అయిపోతది."

గంగామణి నేల మీద కూర్చుంది. చేట ఒళ్లో పెట్టుకుంది. మొదటి బీడీ చుట్టింది. మూతిని బొటనవేలి గోరుతో మడిచింది. రెండోది. మూడోది. తార లోపల లెక్కపెడుతూనే ఉంది, ఆపుకోలేకపోయింది. ఆరు. ఏడు. అమ్మ పై పెదవి మీద చెమట పట్టింది. తొమ్మిది. పదో బీడీ సగంలో విప్పుకుంది. మళ్లీ చుట్టింది. పదకొండు. పన్నెండో ఆకులో తంబాకు పోస్తుంటే మణికట్టు ఒక్కసారిగా వంగిపోయి, తంబాకంతా చీర మీద ఒలికింది.

గంగామణి ఒలికిన తంబాకును ఎడమచేత్తో ఊడ్చి, ఇంకో ఆకు తీసింది. వేళ్లు ఆకును పట్టుకోలేదు. మళ్లీ తీసింది.

కరెంటు బందు చేయాలి, అనుకుంది తార.

"మామా," అంది. ఎవరికీ వినబడలేదు. ముందుకు నడిచింది. "మామా. ఆపుండ్రి. అమ్మ ఇంక చుట్టదు."

గంగామణి తల ఎత్తింది. "నువ్వు పక్కకు వో."

"పోను." తార గొంతు సన్నగా ఉంది గానీ ఆగలేదు. "చెయ్యి మారింది నిజమే మామ. మార్చింది నేను. అమ్మకు తెల్వదు. అమ్మ ఒట్టు దొంగ ఒట్టు గాదు, అమ్మకు తెల్వక వేసింది. కార్డు ఎవ్వరికి ఇయ్యలే. అమ్మ చెయ్యి గుంజుతుందని నేనే చుట్టి కలిపిన."

"గుంజుతుందని నీకెట్ల ఎరుక? మీ అమ్మ చెప్పిందా?"

"చెప్పలే. రాసి పెట్టిన." ఆమె సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసింది. ఇటుక లేదు గనుక తెరను చేత్తో పట్టుకుంది. "వినాయక చవితప్పుడు గంటకు నాలుగు కట్టలు. తర్వాత మూడున్నర. మూడు. పోయిన వారం రెండున్నర."

దేవన్న కళ్లద్దాలు పైకి తోసుకుని తెర మీదికి వంగాడు. "అంకెలు సరే. అంకెల పక్కకు ఏందో రాసినవు గద. అది చదువు."

తార ముఖం వేడెక్కింది. అవి ఎవరి కోసమూ రాసినవి కావు. ప్రోగ్రాంలో ఖాళీ గడి ఒకటి మిగిలితే, రోజుకు ఒక్క ముక్క రాసుకుంది.

"చదువు బిడ్డ."

"అమ్మ ఇయ్యాల ఎడమ చెయ్యితోని చాయ్ తాగింది," అని చదివింది తార. "అమ్మ పాలు పిండంగ రెండుసార్లు ఆగింది. అమ్మ నాకు జడ వెయ్యలే, టైం లేదన్నది. టైం ఉన్నది." ఆమె కింది గడికి వెళ్లింది. అక్షరాలు మసకబారాయి. "అమ్మ అన్నం కలుపుకుంట ఏడ్చింది, మిర్పకాయ అన్నది. కూరల మిర్పకాయ లేదు."

గంగామణి ఎడమచేత్తో కొంగు లాగి ముఖానికి అడ్డం పెట్టుకుంది. కొంగు జారేసరికి ఇన్నాళ్లూ దాని కింద దాచిన కుడి మణికట్టు బయటపడింది. వాచి, ఇత్తడి గాజు దిగబడి ఉంది. వరసలో ముందున్న ఒక ముసలామె, "అయ్యో, ఈ గాజు కోసెయ్యాలెనే," అంది.

దేవన్న తల అడ్డంగా ఊపాడు. "డబ్బల ఏమన్న రాసుకోవచ్చు బిడ్డ. నేను పైకి ఏమని చెప్పాలె? నాకు చెయ్యి కావాలె. కూసో. మీ అమ్మ ఆపినకాడికెల్లి చుట్టు."

తార అమ్మ పక్కన కూర్చుంది. చేట తన ఒళ్లోకి తీసుకుంది. ఇరవై మంది చూస్తుండగా చుట్టింది. మూతికి పెన్ను కొస తీసి నొక్కింది. ఇరవై ఐదు అయ్యేసరికి ఆమె జాకెట్టు వీపున తడిసిపోయింది. దేవన్న సొరుగులోంచి గురువారం నాటి రెండో కుప్ప తీశాడు. ఒక బీడీ ఇటు, ఒక బీడీ అటు పట్టుకుని మూతులు చూశాడు. వాసన చూశాడు. వేళ్ల మధ్య దొర్లించాడు.

"గిదే చెయ్యి," అన్నాడు. "ఆ పెన్నుతోని నొక్కినవు. అందుకే అన్ని ఒక్క తీరుగున్నయ్. మనిషి చెయ్యి మూతిని ఒక్క తీరుగ మడవదు బిడ్డ. గదే పట్టిచ్చింది నిన్ను."

ఎవరో నవ్వారు. గది కొంచెం వదులైంది.

"ఇంట్లోల్లు చెయ్యేసుడు తప్పు గాదు," అన్నాడతను. "ఏ ఇంట్ల ఎయ్యరు? కని నాకు చెప్పాలె. మూడు వందల మంది చేతులు యాదికి పెట్టుకుంట నేను. చెప్పకుంట మారిస్తే నేనేమనుకోవాలె? కార్డు ఇస్తున్న చెల్లె. కని ఈ వారం ఆకు ఇయ్య. పైకి రాసిన, దాన్ని తీసెయ్యరాదు. వచ్చే బేస్తారం రాండ్రి. పిల్ల చుట్టినయ్ వేరే కట్టలు కట్టుండ్రి."

కార్డును గంగామణి ఎడమచేత్తో అందుకుంది. రవికెలో దాచుకుంది. ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది.

రోడ్డు మీద కామారెడ్డి వైపు నుంచి బస్సు వచ్చింది. "ఎక్కు," అంది గంగామణి. "ఎల్లారెడ్డి పోవాలె."

అమ్మ మొన్ననే అన్న మాటే గదా అనుకుంది తార. బస్సులో ల్యాప్‌టాప్ సంచిని ఒళ్లో పెట్టుకుని, దాని జిప్పును సవరిస్తూ కూర్చుంది. లోపలున్నవన్నీ తీసిపెట్టుకునే టైం కూడా లేదు. జుబేర్ అన్న తుడిచేస్తాడేమో. అమ్మ కిటికీ వైపు తిరిగి, ఆరబోసిన మక్కలను చూస్తోంది.

ఎల్లారెడ్డి బస్టాండులో దిగారు. జుబేర్ దుకాణం షట్టర్ తెరిచే ఉంది. తార అటు తిరిగింది.

"అటెటు?" అంది గంగామణి.

"దుకానం గదమ్మ."

"దవఖానకు నడువు."

సర్కారు దవాఖానాలో చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చున్నారు. ముందు పద్నాలుగు మంది ఉన్నారు. ఒక కాంపౌండర్ వచ్చి గాజు కోసి, చేతిని గుడ్డతో కట్టి మెడకు వేలాడదీశాడు. డాక్టరమ్మ పిలిచేదాకా చెయ్యి కదపొద్దన్నాడు. గంగామణి ఆ చెయ్యిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"మిర్పకాయ లేదని ఎట్ల పట్టినవు?" అంది చాలాసేపటికి.

"సప్పటి పప్పు గద ఆ రోజు."

గంగామణి నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే విరిగి, కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను లెక్కనే జూసిన ఆ దినం. పక్కకు రాసింది సదవలే. సదవనియ్యలే నేను."

"నేను అడగాలె అమ్మ. అడగలేక రాసిన." తార గోరు గిల్లుకుంది. "పైన రాసింది తీసేసిన. ఆగుతున్న చోటు అని రాసింది."

"ఏం రాసినవు మల్ల?"

"ఏం రాయలే. ఖాళీగున్నది."

గంగామణి ఎడమచెయ్యి తార తల మీద పెట్టింది. జడ చివర ఊడిన రిబ్బన్ సరిచేయబోయి, ఒక్క చేత్తో కుదరక వదిలేసింది. "నీ ఆట సూపియ్యి," అంది.

"ఈడనా?"

"ఇంక ఎంతసేపైతదో. సూపియ్యి."

తార ల్యాప్‌టాప్ తెరిచి, తెర పడిపోకుండా సంచి ఆనించింది. ఎవరూ లేని గ్రహం మీద బెల్టులు కదిలాయి. ఇనుప రేకులు వరసకట్టి పోతున్నాయి. చిన్న చేతుల్లాంటివి వాటిని తీసి పెడుతున్నాయి. గంగామణి చీటీ పట్టుకుని, రెప్ప వేయకుండా చూసింది.

"మంచిగ తిరుగుతున్నయ్," అంది. "పని జేసేటోల్లు ఏరి?"

"ఎవ్వరుండరమ్మ. అన్ని మిషిన్లే."

"అందుకే తిరుగుతున్నయ్. నొప్పి లేదు గద వాటికి." ఆమె కాసేపు ఆలోచించింది. "కామారెడ్డిల గివే నేర్పుతరా?"

"గివి కాదు. ఆ ప్రోగ్రాం రాసిన గద, గసొంటియి."

"అడుగు మీ బాపును. కాలేజి ఏడుందో, బస్సు దిగినంక ఎంత నడువాల్నో కనుక్కొమ్మను."

తార తల ఊపింది.

"ఇగో," అంది గంగామణి, "ఇయ్యాల నా పేరు కాడ ఏం రాస్తవ్?"

తార ఆ పట్టిక తెరిచింది. ఆ రోజు తేదీ వచ్చి ఉంది. అమ్మ పక్కన గడి ఖాళీగా ఉంది. "పదకొండు చుట్టినవ్ గద, కార్ఖానల."

"అవి సూపెట్టనీకి చుట్టినయ్. లెక్కల రావు. రేపటిది రాయి. ఎల్లుండిది రాయి. వారం దాక రాయి."

"ఏమని?"

"సున్న రాయి."

తార అమ్మ ముఖంలోకి చూసింది. పందొమ్మిదేళ్లలో, పండుగ నాడైనా, జ్వరం నాడైనా, అమ్మ పేరు దగ్గర రాయదగ్గ సున్నా ఒక్కటి కూడా లేదు. వేలు మీట మీద ఆగింది.

"భయపడకు," అంది గంగామణి. "నేనే చెప్తున్న గద."

తార ఒక సున్నా కొట్టింది. దాని కింద ఇంకొకటి. వారం నిండేదాకా వరసగా కొట్టుకుంటూ పోయింది. గంగామణి వేలు పెట్టి ఒక్కో సున్నాను చదువుకుంటూ దిగింది. చివరిదాని దగ్గర ఆగి, అక్కడ పక్కన ఖాళీగా ఉన్న గడిని చూపించింది.

"ఈడ గూడ ఏమన్న రాస్తవ్ గద నువ్వు?"

"ఏం రాయాలమ్మ?"

అంతలో లోపల నుంచి గంగామణి పేరు పిలిచారు. ఆమె లేచింది. కట్టు కట్టిన చెయ్యి మెడ నుంచి వేలాడుతోంది. రెండు అడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"బిడ్డ దవఖానకు తోలుకపొయ్యింది అని రాయి."